రామప్ప పంతులు తెరమీదికి రాలేదు

కోటబొమ్మాళిలో శ్రీకాకుళం వైపు వెళ్లే బస్సెక్కితే అరగంటలో నరసన్నపేట వస్తుంది. లుకలాం అగ్రహారం ఆ చుట్టుపక్కలదే. జొన్నలగడ్డ వెంకట సోమయాజులు 1928లో అక్కడే పుట్టారు. ఆయన తమ్ముడు రమణమూర్తి 1933లో పుట్టారు. ఇద్దరూ పెరిగిందీ, చదువుకున్నదీ, మొహానికి రంగు పూసుకున్నదీ విజయనగరంలో. సినిమా మొదట్లో పేర్లు పడేటప్పుడు జె.వి. అన్న రెండక్షరాలు కనిపిస్తే మా వైపు వాళ్లకి ఇప్పటికీ ఒంట్లోకి హుషారొస్తుంది. నాకూ వస్తుంది. దానితోపాటు ఒక బాధ కూడా కలుగుతుంది. చాలా ఏళ్లుగా లోపల పెట్టుకున్న ఆ బాధ గురించే ఈ రాత.

సోమయాజులు అనగానే తెలుగువాళ్లందరికీ శంకరాభరణంలో శంకరశాస్త్రి గుర్తొస్తాడు. పంచె, ఉత్తరీయం, విభూతి రేఖలు, నిప్పులు కురిసే పెద్ద కళ్లు. మా నాన్నగారి తరంలో విజయనగరం, శ్రీకాకుళం, విశాఖపట్నాల్లో నాటకాలు చూసినవాళ్లకి మాత్రం ఆయన రామప్ప పంతులు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కంలో అబద్ధానికి ఒళ్లంతా నాలుకలున్న రామప్ప పంతులు. దొంగసాక్ష్యాలు, దొంగ కాగితాలు, తగువులు పెట్టి తీర్పులు చెప్పడం, మధురవాణి ఇంట్లో దర్జా, బయట పరువు. తమ్ముడు రమణమూర్తి గిరీశం. అన్నదమ్ములిద్దరూ ఎన్నో ఏళ్లపాటు ఆ నాటకాన్ని ఊరూరా ఆడారు.

మధురవాణి ఇంట్లో మంచం సీను తెలుగు నాటకంలో ఎవరూ మరిచిపోలేనిది. గిరీశం వస్తున్నాడని రామప్ప పంతులు మంచం కిందికి దూరతాడు. గిరీశాన్ని వెతుక్కుంటూ పూటకూళ్లమ్మ చీపురుకట్టతో వస్తుంది. చివరికి దెబ్బ తగిలేది రామప్ప పంతులుకి, తప్పించుకుపోయేది గిరీశం. తమ్ముడి మూలాన అన్న చీపురుదెబ్బ తినే ఆ ఘట్టంలో ఆరడుగుల మనిషి ఎంత చిన్నగా ముడుచుకుపోయేవాడో, ఆ పెద్ద కళ్లలో ముందు భయం, వెంటనే పరువు పోయిందేమోనన్న లెక్క, ఆ వెంటనే ఏం జరగనట్టు కండువా సర్దుకోవడం ఎలా వచ్చేవో నాన్నగారు చెప్తుంటే విన్నాను. చెప్తూ చెప్తూ ఆయనే లేచి కండువా సర్దుకుని చూపించేవారు.

1980 ఫిబ్రవరిలో శంకరాభరణం విడుదలైంది. అప్పటికి సోమయాజులుకి యాభై దాటాయి. రెవెన్యూ శాఖలో ఉద్యోగం, డిప్యూటీ కలెక్టరు. సినిమాకి హీరో అంటే ఏమిటో అందరికీ తెలిసిన ఆ రోజుల్లో కె. విశ్వనాథ్ ఆయన్ని నడిమధ్య నిలబెట్టి సినిమా తీశారు. నేను ఆ సినిమాని పాటల కోసం చాలాసార్లు చూశాను, ఆ తర్వాత ఆయన గొంతు కోసం చూశాను. పాడింది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. తెరమీద సోమయాజులు చేసింది పాడుతున్నట్టు నమ్మించడం. ఈ నమ్మించడం ఎక్కడ జరుగుతోందో గమనిస్తే పెదవుల దగ్గర కాదని తెలుస్తుంది. స్వరం పైకెళ్లే ముందు ఛాతీ నిండుతుంది. మెడ నరం బిగుస్తుంది. సంగతి ముగిసే చోట కళ్లు ఒక్క క్షణం ఆలస్యంగా తెరుచుకుంటాయి. పాడేవాడు తన పాటలోంచి బయటికి రావడానికి పట్టే కాలం అది. ఎన్నో రాత్రులు వేదికమీద ఊపిరి లెక్కపెట్టుకుంటూ డైలాగు చెప్పిన మనిషికే అది పట్టుబడుతుంది.

ఆ సినిమా చూసి ఇంటికొచ్చాక నాన్నగారు ఒక మాటన్నారు. శాస్త్రి ఎప్పుడు పక్కకి తిరిగి కొంటెగా నవ్వుతాడా అని సినిమా అంతా ఎదురు చూశానురా అన్నారు. నవ్వలేదు. నవ్వకూడదు కూడా, ఆ పాత్ర అలాంటిది. కానీ ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా సోమయాజులు సినిమాల్లో ఉన్నారు, 2004లో కన్నుమూశారు. ఎక్కడా ఆ కొంటె నవ్వు రాలేదు. బాపు వంశవృక్షంలో శ్రోత్రి, విశ్వనాథ్ సప్తపదిలో యాజులు, బాపు త్యాగయ్యలో త్యాగయ్య. మూడూ గొప్ప వేషాలే. ఆ తర్వాత వరసగా పూజారులు, పండితులు, పీఠాధిపతులు, ఊరిపెద్దలు, హీరోని ఆశీర్వదించే తాతలు. విభూతి చెరగలేదు. ఉత్తరీయం మారలేదు. తెలుగు రంగస్థలం మీద అతి కుటిలమైన పాత్రని ఆడి మెప్పించిన మనిషి దగ్గర సినిమా తీసుకున్నది పవిత్రత ఒక్కటే.

సప్తపదిలో యాజులు గురించి ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఆచారాన్ని ప్రాణంగా పట్టుకున్న ముసలాయన, చివరికి తన మనవడి భార్యని ఆమె మనసిచ్చిన వేరే కులం అబ్బాయి దగ్గరికి తానే పంపుతాడు. ఆ మార్పు ఒక్క సీనులో జరగదు. ముసలాయన మొహంలో కొంచెం కొంచెంగా జరుగుతూ వస్తుంది. అక్కడ నాకు రామప్ప పంతులు కనిపిస్తాడు, తలకిందులుగా. లోపల ఒక లెక్క, బయట ఒక మాట ఉన్న మనిషిని ఆడడం తెలిసిన నటుడు కాబట్టే లోపలి యుద్ధాన్ని మాట లేకుండా చూపించగలిగాడు. వేదికమీద నేర్చిన మోసం తెరమీద నిజాయితీకి పనికొచ్చింది. అయితే దాన్ని పనికి తెచ్చుకున్న దర్శకులు ఇద్దరు ముగ్గురే.

రమణమూర్తిది ఇంకో దారి. ఆయన అన్నకంటే చాలా ముందే, 1957లో కె.బి. తిలక్ తీసిన ఎం.ఎల్.ఏ.తో సినిమాకి వెళ్లారు. చక్కటి మొహం, చదువుకున్నవాడి మాట. గిరీశం వాక్ప్రవాహం గుక్కతిప్పుకోకుండా చెప్పి జనాన్ని మాటలతోనే మోసం చేయగల నటుడు. సినిమాలో ఆయనకి దక్కినవి మెతక అన్నలు, మంచి డాక్టర్లు, కష్టాల్లో ఉన్న తండ్రులు. ఆకలి రాజ్యంలో కమల్ హాసన్ తండ్రి ఆయనే. ఉద్యోగం కోసం ఢిల్లీ వెళ్లిన కొడుకు ఏం పని చేస్తున్నాడో ఆ తండ్రి చూసే ఘట్టాన్ని మళ్లీ చూడండి. ఒక్క మాట ఎక్కువ లేదు. మాటలతోనే బతికే గిరీశాన్ని వందలసార్లు ఆడిన మనిషి, మాట పడిపోయిన తండ్రిగా నిలబడ్డాడు. ఆ మౌనం బరువు నాకు అందుకే ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. 2016లో ఆయన పోయినప్పుడు పత్రికలు సినిమాల పేర్లు వరసగా రాశాయి. మా వైపు వాళ్లు మాత్రం గిరీశం పోయాడన్నారు.

నా బాధ ఇదీ. క్యారెక్టర్ ఆర్టిస్టు జీవితం అంటే అతను చేసిన వేషాల జాబితా అనుకుంటాం. అతనిలో ఉండి, ఎవరూ అడగని వేషాలు కూడా ఆ జీవితంలో భాగమే. హీరోకి ఈ ఇబ్బంది తక్కువ. హీరో కోసం కథ రాస్తారు, అతనికి ఏం వచ్చో కనుక్కుని అది కథలో పెడతారు. క్యారెక్టర్ ఆర్టిస్టుని కథలో ఖాళీ ఉన్నచోట పెడతారు. ఆ ఖాళీ ఎంతుంటే అతనంతే.

దీనికి దర్శకుల్ని తప్పుపట్టి ఊరుకోవడం తేలికే గాని, అది న్యాయం కాదు. రెండున్నర గంటల సినిమాలో హీరోయిన్ తండ్రికి ఐదారు నిమిషాలుంటాయి. అతను మంచివాడా, మొండివాడా, అప్పుల్లో ఉన్నాడా అన్నది మొదటి షాటులోనే జనానికి తెలిసిపోవాలి. తెలిసిన మొహం తెలిసిన తీరులో వస్తే ఆ పని క్షణంలో అవుతుంది. నిర్మాతకి కాల్షీటు ఖర్చు. మేనేజరుకి వేళకి వచ్చే మనిషి కావాలి. ఉదయం ఒక కంపెనీ కారు, మధ్యాహ్నం ఇంకో కంపెనీ కారు ఎక్కే ఆర్టిస్టు, పొద్దున పెట్టుకున్న విగ్గు సాయంత్రం ఇంకో సినిమాలో కూడా పనికొస్తే సుఖమే అనుకుంటాడు. రోజు లెక్కన డబ్బిచ్చే బతుకులో నాకీ వేషం వద్దు, వేరేది కావాలి అనడానికి ధైర్యం ఒక్కటే చాలదు. ఇంట్లో బియ్యం కూడా ఉండాలి. మా జిల్లాల నుంచి వెళ్లిన నటుల్లో చాలామంది ఉద్యోగం చేసుకుంటూ నాటకాలాడినవాళ్లే. నాటకంలో ఎవరికీ జీతం లేదు కాబట్టి నచ్చిన వేషం కట్టారు. సినిమాలో డబ్బు వచ్చింది కాబట్టి ఇచ్చిన వేషం కట్టారు.

ఇచ్చిన వేషంలోనే ఇమడనని అనుకున్నారో ఏమో, రావి కొండలరావు ఇంకో పని కూడా పెట్టుకున్నారు. ఆయన 1932లో సామర్లకోటలో పుట్టినా, చదువూ తొలి నాటకాలూ శ్రీకాకుళంలోనే. 1958లో వచ్చిన శోభతో సినిమాల్లోకి వచ్చారు. కుర్రవాడిగా ఉన్నప్పుడే ముసలి వేషాలు మొదలయ్యాయి. ప్రేమించి చూడులో అక్కినేని నాగేశ్వరరావుకి తండ్రిగా వేశారు. అక్కినేని వయసులో ఆయనకంటే పెద్ద. ముప్పై దాటీ దాటకముందే నెరిసిన జుట్టు పెట్టుకుని, నడుం కాస్త వంచి, తనకంటే పెద్దవాణ్ణి అబ్బాయీ అని పిలవడం ఆయన వృత్తి అయిపోయింది. ఆయన భార్య రాధాకుమారిది విజయనగరం. ఇద్దరూ ఎన్నో సినిమాల్లో భార్యాభర్తలుగానే కనిపించారు. తెర మీద మొగుణ్ణి సణుగుతూ కాఫీ ఇచ్చే ఇల్లాలిగా ఆమె, పేపరు దించకుండా అందుకునే మొగుడుగా ఆయన, చిన్న సీన్లలో పెద్ద సంసారాన్ని పెట్టేసేవారు.

కొండలరావు కలం వదల్లేదు. విజయచిత్ర పత్రికలో పనిచేశారు. పాత సినిమా గురించి, పాత నటుల గురించి ఆయన రాసినంత ఇష్టంగా, తెలిసి రాసినవాళ్లు తక్కువ. 1991లో వచ్చిన బాపు పెళ్లి పుస్తకానికి కథ ఆయనదే, దానికి నంది పురస్కారం వచ్చింది. బృందావనం, భైరవద్వీపం సినిమాల వెనకా ఆయన ఉన్నారు. తన జీవితాన్ని రాసుకుంటే దానికి నాగావళి నుంచి మంజీర వరకు అని పేరు పెట్టారు. శ్రీకాకుళం ఊరి మధ్యలోంచి పారే నాగావళి దగ్గర మొదలుపెట్టి, మద్రాసు మీదుగా సినిమాతోపాటు హైదరాబాదు చేరిన తరమంతా ఆ పేరులో ఉంది. మద్రాసులో ఇల్లు కట్టుకుని, పిల్లల్ని అక్కడి బళ్లలో వేసి, పరిశ్రమ హైదరాబాదుకి తరలిపోతుంటే వయసు మళ్లాక మళ్లీ మూట సర్దుకున్నవాళ్లలో హీరోలకంటే క్యారెక్టర్ ఆర్టిస్టులకి ఎక్కువ కష్టమైంది. కొండలరావు రాశారు కాబట్టి ఆయన గురించి మనకి తెలుసు. రాయని నటుల సంగతి మనకి తెలియదు. తమకి దొరకని వేషాల్ని కథలుగా రాసుకోగలగడం అందరికీ దక్కే అదృష్టం కాదు.

ఆమదాలవలస అబ్బాయి శరత్‌బాబు సంగతి మళ్లీ వేరు. 1951లో పుట్టారు, అసలు పేరు సత్యంబాబు దీక్షితులు. 1973లో రామరాజ్యంతో హీరోగానే మొదలుపెట్టారు. ఎత్తు, అందం, మర్యాద ఉట్టిపడే గొంతు, హీరోకి కావలసినవన్నీ ఉన్నాయి. నిలిచింది మాత్రం హీరో పక్కన మనిషిగా. తమిళంలో రజనీకాంత్ పక్కన, తెలుగులో కమల్ హాసన్ పక్కన. సహాయనటుడిగా నంది పురస్కారాలు అందుకున్నారు. సహాయం అన్న మాటకి తగినట్టుగా ఆయన చేసిన పని ఒకటుంది, అది వినడం.

నటనలో వినడం కష్టం. మాట్లాడేవాడికి డైలాగు ఉంటుంది, చేతులకి పని ఉంటుంది. వినేవాడికి ఏమీ ఉండదు. సాగర సంగమంలో రఘు వేషం అంతా వినడమే. కమల్ హాసన్ వేసిన బాలు డ్యాన్సు గురించి మాట్లాడతాడు, రఘు వింటాడు. బాలు ప్రేమిస్తాడు, తాగుతాడు, కూలిపోతాడు, రఘు చూస్తూ ఉంటాడు. జాలి చూపిస్తే స్నేహితుడు చిన్నబోతాడు, చూపించకపోతే జనానికి ఆ పతనం అర్థం కాదు. ఈ రెండిటి మధ్యా సన్నటి జాగాలో శరత్‌బాబు సినిమా అంతా నడిచారు. చివర్లో శిష్యురాలు శైలజ వేదికమీద నాట్యం చేస్తుండగా బాలు ప్రాణం పోతుంది. చక్రాల కుర్చీని హాల్లోంచి బయటికి తోసుకెళ్లేది రఘు. ఆట ఆగకూడదు, చప్పట్లు ఆగకూడదు, ఎవరికీ తెలియకూడదు. కమల్ హాసన్ అంత గొప్పగా చేసిన సినిమాలో ఆఖరి బరువంతా ఆ కుర్చీని పట్టుకున్న రెండు చేతుల మీద పడింది. ఆ చేతులు వణికి ఉంటే సీను ఏడుపుగొట్టుది అయిపోయేది. వణకలేదు.

సంసారం ఒక చదరంగంలో ఆయన పెద్దకొడుకు. తండ్రి గొల్లపూడి మారుతీరావు. గొల్లపూడి 1939లో విజయనగరంలో పుట్టినవారు. రేడియోలో పనిచేసి, నాటకాలూ సినిమాలూ రాసి, నలభై దాటాక 1982లో ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్యతో నటుడైనవారు. ఆమదాలవలస కొడుకూ విజయనగరం తండ్రీ ఇంటి మధ్యలో గీత గీసుకుని విడిపోయే ఆ సినిమా వచ్చినప్పుడు మా ఊళ్లో ఎన్ని ఇళ్లలో ఆ గీత గురించి వాదులాటలు జరిగాయో. కొడుకుది తప్పు కాదని చెప్పేవాళ్లకి శరత్‌బాబు మొహమే సాక్ష్యం. అతను కసిరిన చోట కూడా కళ్లలో సిగ్గు ఉంటుంది.

తొంభైల్లో టీవీ వచ్చి ఈ నటులకి ఇంకో గుమ్మం తెరిచింది. 1995లో ఈటీవీ మొదలైంది. అంతరంగాలు సీరియల్లో శరత్‌బాబు కనిపించేసరికి మా వీధిలో ఆడవాళ్లు ఆ వేళకి పొయ్యి కట్టేసి కూర్చునేవారు. సినిమాలో ఆయన్ని చూడ్డానికి శ్రీకాకుళం వెళ్లాలి, ఇక్కడ ఆయనే ఇంటికొచ్చారు. ఈయన మనోడే గదేటి, ఆందాలస బాబు, అని ఒకావిడ అంటే, మనోడైతే మన మాట మాటాడడేటి అని ఇంకొకావిడ అడిగింది. ఆ ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాను.

సీరియల్ మంచీ చేసింది, చెడూ చేసింది. నెలనెలా డబ్బు వచ్చింది, వయసొచ్చిన నటులకి అది పెద్ద ఆధారం. సినిమాలో ఐదు నిమిషాలు దొరికే తండ్రికి ఇక్కడ రోజూ పాత్ర దొరికింది. కానీ రోజుకి ఒక భాగం తీయాల్సిన తొందరలో తండ్రి ఎప్పుడూ తండ్రిలాగే ఉండాలి. ఉలిక్కిపడితే ఒకేలా ఉలిక్కిపడాలి, ఆ ఉలికిపాటుకి మూడు వైపుల నుంచి మూడు క్లోజప్పులు. సినిమా నటుణ్ణి తక్కువ వాడుకుంటే, సీరియల్ అతనిలో ఒకే మూలని అరిగిపోయేదాకా వాడింది. అయినా నేను టీవీని తిట్టను. సినిమా మరిచిపోయిన ఎన్నో మొహాల్ని అది చివరిదాకా అన్నం పెట్టి నిలబెట్టింది.

మా కోటబొమ్మాళిలో కొత్తమ్మ తల్లి జాతర అంటే నాటకాలు, భాగోతాలు, తప్పెటగుళ్లు. ఒక బడి మాస్టారు ఆ వేదికమీద ఏడాదికొక వేషం కట్టేవారు. ఆయన ఎప్పుడూ సినిమాకి వెళ్లలేదు. ఒక ఏడాది కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లు. ఇంకో ఏడాది హరిశ్చంద్రలో నక్షత్రకుడు. మరో ఏడాది అదే నాటకంలో కాటి సీనులో హరిశ్చంద్రుడు, పద్యానికి పద్యం వన్స్‌మోర్లతో. నక్షత్రకుడు వేసిన మర్నాడు పొద్దున బజార్లో కూరగాయలమ్మే ముసలమ్మ ఆయన్ని తిట్టింది. రాజుగోరిని అంత ఏపుకు తింటావేటి, నీకేటి రోగం, అని. ఆయన చేతిలో సంచీతో తలవంచుకుని నిలబడి మొత్తం తిట్లు విన్నారు. ఆమె తిట్టడం అయ్యాక వంకాయలు కొనుక్కుని, నవ్వుతూ ఇంటికెళ్లారు. ఆ నవ్వంత సంతోషం నేను ఏ నటుడి మొహంలోనూ చూడలేదు.

నేను చిన్నప్పుడు తెర వెనక నిలబడి ఆయన రంగు వేసుకోవడం చూసేవాణ్ణి. ముందు బుగ్గలకి జింకు పౌడరు, దానిమీద రంగు. చిన్న అద్దం ముందు ముక్కు కింద స్పిరిట్ గమ్ రాసి, క్రేపు వెంట్రుకల్ని కత్తెరతో ముక్కలు చేసి ఒక్కొక్క పోగు అతికించి, తడిగుడ్డతో నొక్కి, ఆరేదాకా మాట్లాడకుండా కూర్చునేవారు. మీసం ఆరేలోపల ఆయన మొహం మారిపోయేది. రంగు వల్ల కాదు, మాట్లాడకుండా ఉన్న ఆ కాసేపట్లో ఎక్కడికో వెళ్లి వచ్చేవారు. నాటకం అయ్యాక కొబ్బరినూనె రాసి పాతగుడ్డతో తుడుచుకుంటే మళ్లీ మా మాస్టారు. చెవుల వెనక మాత్రం కొంచెం తెలుపు మిగిలిపోయేది, మర్నాడు బళ్లో లెక్కలు చెప్తుంటే వెనక బెంచీవాళ్లకి కనబడేది.

ఇప్పుడు ఆలోచిస్తే ఆయన ఎంత అదృష్టవంతుడో అనిపిస్తుంది. పిసినారి ముసలి, పీడించే నక్షత్రకుడు, ఏడ్చే రాజు, ముగ్గురూ ఆయన లోపల ఉన్నారు, ముగ్గురినీ ఊరు చూసింది. ఆయన దగ్గర ఉన్నది ఏదీ వృథా పోలేదు. ఆ పేరు మండలం దాటలేదు. దేశమంతా ఎరిగిన సోమయాజులుకి మాత్రం రామప్ప పంతులు మిగిలిపోయాడు. కన్యాశుల్కం 1955లో సినిమాగా వచ్చింది. ఎన్.టి. రామారావు గిరీశం, సి.ఎస్.ఆర్. ఆంజనేయులు రామప్ప పంతులు, సావిత్రి మధురవాణి. అందరూ గొప్పగా చేశారు, వాళ్లమీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ నాటకాన్ని పుట్టిన గడ్డమీద ఆడుతూ వచ్చిన అన్నదమ్ములకి అప్పటికి సినిమాలో చోటు లేదు, అంతే. చోటు దొరికేసరికి ఆ వేషాలు ఎవరికీ గుర్తు లేవు.

ఇక ఆ ఆడమనిషి ప్రశ్న. మనోడైతే మన మాట మాటాడడేటి. గురజాడ కన్యాశుల్కం మొదట 1892లో విజయనగరంలో ఆడారు. బాగా పెంచి, తిరగరాసి 1909లో మళ్లీ అచ్చువేశారు. పుస్తకాల తెలుగు వదిలేసి జనం నోటి తెలుగుతో నాటకం నిలబెట్టొచ్చని ఆయన చూపించింది ఈ ప్రాంతపు మాటతోనే. ఆ మాటలో పెరిగి, ఆ మాటనే వేదికమీద పలికి పేరు తెచ్చుకున్నవాళ్లు సినిమాకి వెళ్లేసరికి దాన్ని గుమ్మం బయట వదలాల్సి వచ్చింది. సినిమా తెలుగు కృష్ణా గుంటూరు మాటగా, పైపెచ్చు నాటక మాటగా స్థిరపడింది. శ్రీకాకుళం యాస ఎక్కడైనా వినబడితే అది పనిమనిషిదో, రిక్షావాడిదో, నవ్వించడానికి వచ్చినవాడిదో. మా నటులు తండ్రులు, జమీందార్లు, జడ్జీలు, డాక్టర్లు అయ్యారు గాని, ఆ తండ్రీ ఆ జడ్జీ ఎవరూ మా ఊరివాళ్లలా మాట్లాడలేదు. వేషం ఒకవైపు తగ్గింది, గొంతు ఇంకోవైపు తగ్గింది. రెంటిలోనూ పోయింది ఒకటే, ఆ మనిషి పూర్తి కొలత.

ఈ మధ్య కొంచెం గాలి మారింది. 2018లో వెంకటేశ్ మహా కేరాఫ్ కంచరపాలెం తీస్తే విశాఖ జనమే అందులో వేషాలు కట్టారు. పెళ్లికాని అటెండరు రాజుగా వేసిన సుబ్బారావు మొహంలో ఏ అలంకారమూ లేదు. ప్రేమించడానికి వయసు మించిపోయిందని ఊరంతా అనుకుంటున్న మనిషి, ఆఫీసులో జెండా వందనం దగ్గర కూడా ఒదిగి నిలబడే మనిషి, ఆ సినిమాకి కథానాయకుడు. ఆ తర్వాత ఆయన క్యారెక్టర్ ఆర్టిస్టుగా కొనసాగుతున్నారు. 2020లో కరుణ కుమార్ పలాస 1978 తీశారు. మా జిల్లా మాట మొదటినుంచి చివరిదాకా, కోపానికీ ప్రేమకీ పగకీ ఏడుపుకీ ఆ సినిమాలో వినబడింది. అందులో షావుకారుగా వేసిన రఘు కుంచె గాయకుడు, సంగీత దర్శకుడు, తూర్పుగోదావరివాడు. ఆయన ఆ యాసని పలికిన తీరు వింటే ఎంత శ్రద్ధగా నేర్చుకున్నాడో తెలుస్తుంది. మనది కాని మాటని అంత గౌరవంగా పలికిన నటుణ్ణి నేను మనవాడనే అంటాను.

2023లో మా ఊరి పేరే పోస్టర్ల మీదికెక్కింది. మలయాళం నాయాట్టు ఆధారంగా తేజ మార్ని తీసిన కోటబొమ్మాళి పీఎస్. మా వైపు జానపదం లింగిడి పాట రాష్ట్రమంతా మోగింది. అందులో హెడ్ కానిస్టేబులు వేషం శ్రీకాంత్‌ది. వందకి పైగా సినిమాల్లో నటించి, ఎక్కువగా హీరోగా చేసిన మనిషి. ఇప్పుడు వయసుకి తగిన పాత్రల్లోకి వచ్చి, భయపడే, లెక్కలు వేసే, కూతురి కోసం తల్లడిల్లే ఒక మామూలు పోలీసుగా కనిపించాడు. హీరోగా ఉన్నన్నాళ్లూ ఆయన లోపల ఈ అలసిన మనిషి ఉన్నాడని నాకు తెలియదు. అది వేషం మారితే గాని తెలియలేదు. అందుకే ఆ సినిమా అయ్యాక నాకు లుకలాం అన్నదమ్ములు మళ్లీ గుర్తొచ్చారు. ఒకరికి వయసొచ్చాక తలుపు తెరుచుకుంది. వాళ్లకి ఒకసారి తెరుచుకున్న తలుపే గోడ అయింది.

మా వీధి కుర్రాడొకడు డిగ్రీ అయ్యాక హైదరాబాదు వెళ్లి ఆడిషన్లు ఇస్తున్నాడు. సంక్రాంతికి ఊరొచ్చాడు. ఇప్పుడు సికాకులం యాసొస్తే పిలుస్తున్నారు మావయ్యా అన్నాడు. ఏ వేషాలు అని అడిగాను. కానిస్టేబులు, ఆటోడ్రైవరు, హీరో ఫ్రెండు. నాకు సంతోషమే, పని దొరికితే చాలు ముందు. సోమయాజులు వేసిన రామప్ప పంతులు సంగతి, నాన్నగారు కండువా సర్దుకుని చూపించిన సంగతి వాడికి చెప్పాను. కన్యాశుల్కం పుస్తకం ఇంట్లో ఉంటే ఇచ్చాను. నాలుగు రోజులకి చదివి తిరిగొచ్చాడు. మరి నీకు ఏ వేషం వెయ్యాలనుందిరా అన్నాను.

"సౌజన్యారావు పంతులు మావయ్యా," అన్నాడు. "ఆ వకీలుని మన మాటలోనే మాటాడిస్తాను. నవ్వితే నవ్వనీ."

ఇద్దరం కూర్చుని ఆ సీను తీసుకున్నాం. నేను మధురవాణి మాటలు చదివాను, వాడు పంతులు మాటలు చెప్పాడు. మొదట్లో రెండు చోట్ల సినిమా తెలుగులోకి జారిపోయాడు. ఆపి, మళ్లీ మొదటినుంచి చెప్పమన్నాను.